కొత్తవాళ్ల కోసం బందరు

నేను తినని హోటళ్ల గురించి, చూడని ఊళ్ల గురించి ఆ వేసవిలో నాలుగు పేజీలు రాశాను. తొంభై ఎనిమిది వేసవి. బందరు బుట్టాయిపేటలో మా ఇల్లు. కాపరానికొచ్చి పద్నాలుగేళ్లు. అప్పటికి ఆ ఊళ్లో నాకు బాగా తెలిసినవి మా వంటిల్లు, పెరట్లో నుయ్యి, మడి బట్టలు ఆరేసే దండెం. మరి అంత పెద్ద రాతకి ఎందుకు దిగానంటారా, నా నోటిదురద.

మార్చిలో మేడ మీద వాటాలోకి మహంతిగారూ, ఆయన భార్య సుచరితా దిగారు. ఒరిస్సా వాళ్లు. ఆయన సముద్రంలో చమురు వెతికే కంపెనీలో ఇంజనీరు. ఆవిడ బరంపురంలో చదువుకుందిట, తెలుగు తడుముకుంటూ మాట్లాడేది గానీ చదవడం రాదు. మా మావయ్యగారు శోభనాద్రిగారు రిటైరైన తెలుగు పండితులు. ఇల్లు చూపించేటప్పుడే షరతులు చెప్పేశారు. "మేడ మీద చేప ఉడకకూడదు, గుడ్డు పగలకూడదు, ఉల్లిపాయ వాసన కిందికి దిగకూడదు." చేప లేనిదే ముద్ద దిగని మనుషులు వాళ్లు! అయినా గాలీ వెలుతురూ నచ్చి సరేనన్నారు. ఇక ఎక్కడ తినాలా అని ఊరంతా వెతుక్కోవడం మొదలైంది.

మూడోరోజు సుచరిత పెరట్లోకొచ్చింది. మడిలో ఉన్నాను, అక్కడే ఆగండి అన్నాను. నవ్వి కొబ్బరిచెట్టు పక్కన ఆగిపోయింది.

"వాణిగారూ, ఇక్కడ మంచి హోటల్ ఏది? చూడ్డానికి ఏమున్నాయి? మేం కొత్త కదా."

తెలీదండీ అంటే సరిపోయేది. కానీ పద్నాలుగేళ్లు ఉండి తెలీదని ఏ మొహం పెట్టుకుని చెప్పను? సిగ్గేసింది.

"ఓ, బోలెడు! టిఫినుకైతే కోనేరు సెంటర్ వెనక సందులో భూషణం హోటల్. అక్కడి పెసరట్టు తింటే మళ్లీ మళ్లీ వెళ్తారు" అన్నాను. భూషణం పేరు మా ఆయన ఎవరితోనో అంటుంటే విన్నాను, అంతే. "సముద్రానికి మంగినపూడి. ఒడ్డున కూర్చుంటే పొద్దెలా పోయిందో తెలీదు."

మంగినపూడి నేను రెండుసార్లు వెళ్లాను. రెండూ మాఘపౌర్ణమి స్నానాలకే. అత్తయ్యగారు చీర మార్చుకుంటుంటే దుప్పటి అడ్డం పట్టుకుని నిలబడ్డాను. అంటే సముద్రాన్ని నేను వీపుతో చూశాను.

ఆ ఆదివారం వాళ్లు మోకాళ్ల దాకా నల్లటి బురదతో తిరిగొచ్చారు. "అక్కా, అక్కడ ఇసుకే లేదు, అంతా నల్లమట్టి! మీరు చెప్పలేదే?" అంది సుచరిత.

"అదేనండీ దాని విశేషం" అన్నాను, కళ్లార్పకుండా.

చేపల కూర సంగతి మాత్రం కల్పించే ధైర్యం చాల్లేదు. అంకమ్మనడిగాను. చేపలు పట్టేవాళ్ల ఊరు గిలకలదిండి మనిషి, మా ఇంట్లో అంట్లు తోమేది. "అమ్మగారూ, మీకెందుకండీ చేపల పులుసు? కొంపదీసి తింటారా ఏంటి?" అని నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వాక అన్నీ చెప్పింది. హార్బరు దారిలో ఫలానా పాక హోటలు, పన్నెండు లోపు వెళ్లాలి, ఆ తర్వాత వెళ్తే పులుసూ ముళ్లూ మిగుల్తాయి. ఆ మాటలే నేను తిని రుచి చూసినట్టు మేడ మీదికి చేరవేశాను. సంగతి తెలిస్తే మావయ్యగారు నన్ను నూతిలో మూడు మునకలు వేయించేవారు.

ఇలా ఒకటికి నాలుగు చెప్పేసరికి మహంతిగారి కళ్లకి నేను మహా తిరిగినదాన్నైపోయాను. జూన్‌లో కంపెనీవాళ్లు ఇరవై కుటుంబాలు దిగుతున్నాయిట. అస్సాం నుంచి, గుజరాతు నుంచి. ఎక్కడ తినాలి, ఏం చూడాలి, ఏది ఎక్కడ దొరుకుతుంది, వాటి మీద ఒక కాగితం కావాలిట. నేను తెలుగులో రాస్తే సుచరిత ఇంగ్లీషులో పెట్టి టైపు చేయిస్తుందిట.

రోజూ మధ్యాహ్నం రెండింటి నుంచి మూడున్నర దాకా, ఇల్లంతా కునుకు తీస్తున్నప్పుడు, పాత నోటుపుస్తకంలో రాసేదాన్ని. పైన పెద్దక్షరాలతో ‘కొత్తవాళ్ల కోసం బందరు’ అని పేరు పెట్టాను. కనబడ్డవాళ్లనల్లా అడిగాను. మా ఆయన రాంప్రసాద్ గుడివాడ ఆఫీసుకి రోజూ పాసింజరులో వెళ్లొచ్చేవారు. ఆయన బండిలో విన్నవన్నీ రాబట్టాను. "నీకెందుకే ఇవన్నీ?" అని విసుక్కునేవారు. తొక్కుడు లడ్డు ఎవరి దగ్గర నెయ్యి కారుతుంది, నల్ల హల్వా ఎన్నాళ్లు నిలవుంటుంది, పెడనలో కలంకారీ అద్దేవాళ్లు ఏ వీధిలో ఉంటారు, చిలకలపూడి పాండురంగడి పాదాలు మనమే తాకొచ్చా, కూచిపూడికి ఏ బస్సెక్కాలి, మా దగ్గరి శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు గుడి ఎన్నింటికి మూస్తారు. కాగితం మీద మోపిదేవి, కృష్ణ దాటి అవనిగడ్డ, నాగాయలంక, హంసలదీవి అన్నీ తిరిగేశాను. కాళ్లు మాత్రం బుట్టాయిపేటలోనే ఉన్నాయి.

ఏప్రిల్ ఆఖర్లో సుచరిత పరిగెత్తుకుంటూ వచ్చింది. కంపెనీ ఆడవాళ్లు ఐదుగురు ముందే దిగారుట. మే రెండో ఆదివారం దివిసీమ చూస్తారుట. "పొద్దున్నే ఆరింటికి జీపు, సాయంత్రం ఏడుకి ఇల్లు. నువ్వు లేకుండా మాకెలా తెలుస్తుంది అక్కా? రావాలి."

వెళ్లాలి. హంసలదీవిలో కృష్ణ సముద్రంలో కలిసేచోట నా కాళ్లు తడవాలి. నేను రాసినదాంట్లో ఒక్కటైనా నా కళ్లతో చూడాలి. ఇప్పుడు వెళ్లకపోతే ఈ జన్మలో మరి వెళ్లనని ఎందుకో గట్టిగా అనిపించింది.

మా ఇంటి సంగతి మీకు చెప్పాలి. అత్తయ్యగారూ మావయ్యగారూ మడివంట తప్ప తినరు. తెల్లారగట్ల స్నానం చేసి, ఎవరూ తాకని చీర కర్రతో దండెం మీంచి దించి కట్టుకుని, ఎవరికీ తగలకుండా వండాలి. సాయంత్రం ఫలహారానికి మళ్లీ అదే తంతు. మోకాళ్ల నొప్పులని అత్తయ్యగారు పొయ్యి దగ్గరికి రావడం మానేసి ఎనిమిదేళ్లు. కాబట్టి పూటకీ పూటకీ మధ్య ఉన్నంతే నా లోకం. పుట్టిల్లు గుడివాడ అయినా పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి వచ్చెయ్యాల్సిందే. వేసవి సెలవులకి మా అమ్మాయిని వాళ్ల మావయ్య దగ్గరికి పంపించాను గానీ నేను వెళ్లలేదు.

మా ఆయన్ని అడిగాను. "నాదేముంది, అమ్మనడుగు" అన్నారు. అత్తయ్యగారినడిగితే "మీ మావయ్యగారు ఏమంటారో" అన్నారు. మావయ్యగారు పేపరు దించకుండానే "వంటింటి సంగతులు నాకెందుకమ్మా, మీ అత్తగారు చూసుకోవాలి" అన్నారు. ముగ్గురిలో ఒక్కరూ వద్దనలేదు చూడండి! కుడితిలో పడ్డ ఎలుకలా ఆ ముగ్గురి మధ్యే రెండ్రోజులు తిరిగాను. చివరికి అత్తయ్యగారు తేల్చేశారు.

"నీ చేతి మడివంట తప్ప నాకు లోపలికి దిగదని నీకు తెలీదుటే? పొద్దున పోయి రాత్రికి వస్తానంటే మేమిద్దరం ఏం తిని చావాలి? పాండురంగడి గుళ్లో ప్రసాదమే కళ్లకద్దుకుని ఇంకోళ్ల చేతిలో పెట్టేదాన్ని నేను. నన్ను హోటల్ మెతుకులు తినమంటావా?"

సుచరితకి కుదరదని చెప్పాను. ఎందుకని అడిగితే తలనొప్పి అన్నాను. పది రోజుల తర్వాత రాబోయే తలనొప్పి! ఆ మధ్యాహ్నం నోటుపుస్తకం తీసి హంసలదీవి పేజీ చూస్తే నా రాత మీద నాకే అసహ్యం పుట్టింది.

ఆ మరుసటి మంగళవారం సాయంత్రం. అత్తయ్యగారు ప్రతి మంగళవారం నాలుగింటికి రామాలయంలో పురాణానికి వెళ్లేవారు. ఆరింటికొచ్చి, ఇంట్లో అడుగుపెట్టకుండానే నూతి దగ్గర తలారా నీళ్లు పోసుకునేవారు. "నలుగురూ తగిలారే" అనేవారు. ఆ రోజూ అంతే. నేను పెరట్లో నీళ్లు తోడిపెట్టి లోపలికి వెళ్తుంటే మెట్ల మీంచి సుచరిత సైగ చేసింది.

"అక్కా, ఇవాళ భూషణం హోటల్ వెళ్లాం. నువ్వు చెప్పినట్టే ఉంది! బోర్డు చదవడం రాక నిలబడి ఉంటే మీ అత్తయ్యగారే పిలిచి కూచోబెట్టారు. మాకు ఆర్డరు కూడా ఆవిడే చెప్పారు."

"ఎవరూ?"

"అత్తయ్యగారు. ఫ్యాన్ కింద బల్ల దగ్గర కూచుని ఉన్నారు. ఉల్లిపాయ పెసరట్టు తింటున్నారు. మమ్మల్ని చూసి కంగారుపడ్డారు. ఇంట్లో అనకు అన్నారు. మావయ్యగారితో నేను అనను కదా, నీతో అంటే ఏం?"

ఓసి నా తల్లో! ఉల్లిపాయ! మా గుమ్మం తొక్కడానికే వీల్లేని ఉల్లిపాయ! నూతి దగ్గర చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినబడుతూనే ఉంది. లోపలికి పోయి బియ్యం డబ్బా పక్కన కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. నవ్వి నవ్వి, ఎప్పుడు మొదలైందో తెలీదు, ఏడుపొచ్చింది. పద్నాలుగేళ్లు నన్ను ఈ వంటింట్లో కట్టేసిన తాడు అబద్ధపు తాడా? ఒళ్లు మండిపోయింది.

రెండ్రోజులు ఓర్చుకున్నాను. శుక్రవారం ఆవకాయకి కాయలు కొట్టించి తెచ్చారు మా ఆయన. అత్తయ్యగారు వసారాలో పీట మీద కూచుని పొడిగుడ్డతో ముక్కలు తుడుస్తున్నారు. మావయ్యగారు వీధరుగు మీద ఎవరితోనో మాట్లాడుతున్నారు.

"అత్తయ్యగారూ, ఆదివారం నేను దివిసీమ వెళ్తున్నాను" అన్నాను.

"మళ్లీ మొదలెట్టావుటే? నా ముద్ద సంగతో?"

"ఒక్కపూటకి భూషణం హోటల్ నుంచి తెప్పించుకోండి. పెసరట్టులోకి ఉల్లిపాయ సన్నగా తరగమననా, లావుగానా?"

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఎప్పుడూ మంచిది కాదు.

ఆవిడ తలెత్తలేదు. చేతిలో ఉన్న ముక్కనే ఇంకాసేపు తుడిచారు. తుడిచిందాన్ని గిన్నెలో వేసి ఇంకోటి తీసుకున్నారు.

"జీపు ఎన్నింటికి?" అన్నారు.

"ఆరింటికి."

"వెళ్లు. నేను మడి కట్టుకుంటాను."

గెలిచాననుకున్నాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు, సంతోషంతోనే.

జీపులో ముందు సీట్లో కూచోబెట్టారు నన్ను. చల్లపల్లి, మోపిదేవి దాటాం. పులిగడ్డ దగ్గర నది మీదుగా కాలవ వెళ్లడం చూసి వెనకాల ఆడవాళ్లంతా కేకలు పెట్టారు. "ఇదే అక్విడక్టు" అన్నాను వారానికోసారి దాటేదానిలా. లోపల మాత్రం జీపు కడ్డీని రెండు చేతుల్తో పట్టుకుని కూచున్నాను, నీళ్లని చూస్తూ. హంసలదీవి గుడి దగ్గర్నుంచి ఇసుకలో చాలా దూరం నడిచాం. ఎండ మాడ్చేస్తోంది. సంగమం దగ్గర నది నీళ్లు మట్టిరంగులో వచ్చి ఆకుపచ్చ నీళ్లలో కలుస్తున్నాయి. చెప్పులు విడిచి దిగాను. మోకాళ్ల దాకా తడిసింది చీర. సుచరిత ఏదో అడుగుతోంది, నేను ఇంకో రెండడుగులు ముందుకి వేశాను. ఎదురుగా నిలబడి సముద్రాన్ని చూడటం నాకు అదే మొదలు.

తిరుగుదారిలో అవనిగడ్డలో భోజనానికి ఆగాం. హోటల్లో కూచోవడమూ నాకదే మొదలు. వడ్డించే ఆయన నా పక్కనే నిలబడి "మీకేం కావాలండీ?" అన్నాడు. చెప్పాలి కదా! నాకేం కావాలో నాకే తోచలేదు. మావయ్యగారికి కందిపచ్చడి, అత్తయ్యగారికి పెరుగన్నంలో మామిడికాయ, మా ఆయనకి వంకాయ, అమ్మాయికి బంగాళాదుంప. ఇవి తెలుసు. ఆయన నిలబడే ఉన్నాడు. "అందరికీ ఏం తెస్తే అదే" అన్నాను చివరికి. ఎందుకో ఆ పూట అన్నం సహించలేదు.

ఏడుకి ఇల్లు చేరేసరికి అత్తయ్యగారు పెరటి మెట్టు మీద కూచుని మోకాళ్లకి నూనె రాసుకుంటున్నారు. మావయ్యగారు మాత్రం హుషారుగా ఉన్నారు. "రా అమ్మాయ్, బాగా తిరిగొచ్చావా? ఇవాళ మీ అత్తగారి చేతి చారు తిని ఎన్నాళ్లకి ప్రాణం లేచొచ్చిందనుకున్నావు! ఆదివారాలు నువ్వు కంపెనీవాళ్లతో వెళ్తే వెళ్లు. వంట మీ అత్తగారు చేస్తుంది. ఏమే?" అన్నారు.

"సరే" అన్నారు అత్తయ్యగారు, నూనె రాసుకుంటూనే.

నా మొహాన నవ్వు రాలేదు.

మంగళవారం నాలుగైంది. నేను ఆవిడ చీర మడతపెట్టి మంచం మీద పెట్టాను. ఆవిడ లేవలేదు. "పురాణానికి టైమైంది" అన్నాను. "మోకాళ్లే" అన్నారు. పై మంగళవారమూ మోకాళ్లే. మావయ్యగారు నిద్రలో ఉన్నారు. నేను పక్కన కింద కూచున్నాను.

"అత్తయ్యగారూ, నేనెవరికీ చెప్పలేదు. చెప్పను కూడా. మీ అబ్బాయికి కూడా తెలీదు. మీరు వెళ్లండి."

"చెప్తావని కాదే."

"మరి?"

పైట కొంగు వేలికి చుట్టుకుంటూ గోడకేసి చూస్తూ అన్నారు. "మూడేళ్లే నేను వెళ్లింది. మొదటిసారి ఎండకి కళ్లు తిరిగి, మంచినీళ్లు తాగుదామని ఎక్కాను. భూషణం వచ్చి ‘మామ్మగారూ, ఏం తీసుకుంటారు’ అన్నాడు. ఏదో ఒకటి ఇవ్వు నాయనా అన్నాను. ‘ఏదో ఒకటి మా దగ్గర లేదండీ, మీకేది ఇష్టమో చెప్పండి’ అన్నాడు. పెళ్లయి నలభయ్యారేళ్లే. నాకేది ఇష్టమని ఎవరడిగారు? మా అత్తగారడిగిందా, మీ మావయ్య అడిగాడా? నువ్వు మాత్రం అడిగావా?"

అడగలేదు. ఏది మడో, ఏది కాదో అదే అడిగాను ఎప్పుడూ.

"అక్కడ నేనెవరో ఎవరికీ తెలీదు. వారానికో గంట. ఇప్పుడు ఇంట్లో ఒకళ్లకి తెలుసు. ముక్క తుంచి నోట్లో పెట్టుకోబోతే నువ్వన్న మాట చెవిలో వినబడుతుంది. ఇక దిగదే నాకు."

తిట్టి ఉంటే బాగుండేది. చెంపమీద ఒక్కటి కొట్టినా బాగుండేది. నా ఆదివారం కోసం ఆవిడ మంగళవారాన్ని నా నోటితో నేనే లాక్కున్నాను. తప్పైపోయింది అత్తయ్యగారూ అన్నాను. "పోనీలే, ఊరుకో" అన్నారు, పొయ్యి మీద పాలు విరిగితే అన్నంత మామూలుగా.

జూన్ మొదటివారంలో కాగితం టైపుకి ఇవ్వాలని మహంతిగారు తొందరపెట్టారు. ఆ మధ్యాహ్నం వసారాలో కూచుని నాలుగు పేజీలూ మళ్లీ రాస్తున్నాను. ఈసారి చూడనివన్నీ కొట్టేశాను. మంగినపూడి దగ్గర నల్లమట్టి అని రాశాను. హంసలదీవికి గొడుగు పట్టుకెళ్లమని రాశాను. భూషణం హోటల్ దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. ఇరవై కుటుంబాలు ఈ కాగితం పట్టుకుని ఆ సందులోకి వెళ్తాయి. అందులో సగం మంది మా ఇంటికి వచ్చిపోయేవాళ్లే అవుతారు. ఇక ఆవిడకి ఆ బల్ల ఎప్పటికీ లేనట్టే. ఆ నాలుగు వరసలూ అడ్డంగా కొట్టేశాను.

మంచం మీంచి అత్తయ్యగారు చూస్తూనే ఉన్నారుట. "ఏం కొట్టేశావు?" అన్నారు.

"భూషణం హోటల్. ఎవరూ వెళ్లరు ఇక. మనల్ని ఎరిగినవాళ్లుండరు. మీరు ఎప్పటిలాగే వెళ్లొచ్చు."

లేచి వచ్చి నా పక్కన కూచున్నారు, మోకాలు పట్టుకుని, మెల్లిగా. కళ్లజోడు పెట్టుకుని కాగితం చూశారు.

"పిచ్చిదానా, ఊరుగాని ఊరొచ్చినవాళ్లు. వాళ్లకి మంచి టిఫిన్ చెప్పకుండా దాస్తావా? అయినా నువ్వు రాసిందేమిటి, పెసరట్టు మహా బాగుంటుందట! వెళ్లినవాళ్లు రాసే రాతేనా ఇది? రాయి, నేను చెప్తాను."

కొత్త కాగితం తీశాను.

"నాలుగింటికి ముందు వెళ్లొద్దని రాయి. పొద్దుటి పిండి అయిపోయి కొత్తది రుబ్బేది అప్పుడే. వాకిట్లో బల్లలు ఈగలు. లోపల ఎడంపక్క రెండోది, ఫ్యాన్ కింద. ఉల్లిపాయా, జీలకర్రా వేసి, అంచు ఎర్రగా కాల్చమని చెప్పాలి. చెప్పకపోతే తెల్లగా తెచ్చిస్తాడు. అల్లం పచ్చడి రెండోసారి అడిగితే కాదనడు. కాఫీ మాత్రం తాగొద్దని రాయి, డికాక్షను నీళ్లు."

ఒక్కొక్కటీ ఆగి ఆగి చెప్తుంటే నేను రాస్తున్నాను. రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. ఆవిడ చూడనట్టే ఉన్నారు. అయిపోయిందేమో అనుకుని కలం మూయబోయాను.

"ఉండు" అన్నారు. లోపలి గదిలో మావయ్యగారు దగ్గారు. లేచినట్టున్నారు, ఫలహారం వేళైంది. అత్తయ్యగారు గొంతు తగ్గించారు.

"ఆడవాళ్లు ఒక్కళ్లే వెళ్లినా అక్కడెవరూ ఏమీ అడగరు. అది కూడా రాయి."